విరామ వ్యాయామము - మేదస్సు జమాఖర్చు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



కంచిలి, కవిటి, సోంపేట ప్రాంతముల బాటలయందు తెల్లవారుజామున రెండు తెగల మనుష్యులు కనబడుదురు. సైన్యమునందో పోలీసు శాఖయందో ఉద్యోగము గోరి పరుగెత్తు యువకులు ఒక తెగ. నడుము కొలత పెరిగినదని వైద్యుడు హెచ్చరింపగా నడక మొదలుపెట్టిన నడివయస్సువారు రెండవ తెగ. ఈ యిరు తెగలవారి చెవిని నేడొక మాట సోకుచున్నది. గంటల కొలది నడువ నక్కరలేదు, పది నిమిషములు తీవ్రముగ శ్రమించి నడుమ నడుమ విశ్రమించినచో కొవ్వు కరగిపోవును అనునదియే ఆ మాట. ఇందులో నిజమెంత? ఉద్దానమున నివసించువారు దీనిని నమ్మి ఆచరింపవచ్చునా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము వెదకుటయే ఈ ఉపన్యాసపు ఉద్దేశము.

ఈ పద్ధతిని ఆంగ్లమున ‘హై ఇంటెన్సిటీ ఇంటర్వెల్ ట్రైనింగు’ అందురు. తెలుగున విరామ వ్యాయామము అనిన సరిపోవును. కొంతసేపు తీవ్రముగ శ్రమించుట, కొంతసేపు నెమ్మదించుట, మరల శ్రమించుట, మరల నెమ్మదించుట, ఇదియే దాని స్వరూపము. పేరు క్రొత్తది గాని పని క్రొత్తది కాదు. చెడుగుడు ఆటను గమనింపుడు. కూతకు వెళ్ళిన ఆటగాడు ఎదుటి గడిలో మెరుపువలె కదలి, ఒకరిని తాకి, పట్టు తప్పించుకొని, గీతను చేరుకొనవలెను. నేటి నియమముల ననుసరించి ఒక్కొక్క కూతకు 30 సెకండ్లే గడువు. ఆ యరనిమిషమున గుండె దడదడ కొట్టుకొనును. గీత దాటి వచ్చిన పిమ్మట అతడు నిలువబడి ఊపిరి తీసికొనును. కొంతసేపటికి మరల వంతు వచ్చును. ఇరువది నిమిషముల చొప్పున రెండు భాగములుగా సాగు పోటీ యంతయు ఈ విధముగనే నడచును. 1990లో బీజింగు నగరమున జరిగిన ఆసియా క్రీడలయందు స్థానము సంపాదించిన ఈ యాట విరామ వ్యాయామమునకు చక్కని ఉదాహరణము. సముద్రపు ఒడ్డున అలివి వలను లాగు మత్స్యకారులను చూచినను ఇదియే తెలియును. అందరును ఒక్క కేకతో బలమంతయు పెట్టి లాగుదురు, పిదప త్రాడు సడలకుండ పట్టుకొని ఊపిరి పీల్చుకొందురు, మరల లాగుదురు. ఆ నడిమి విశ్రాంతి లేనిచో వల ఒడ్డునకు రాదు.

ఇక కొవ్వు సంగతి. శరీరమును ఒక సంసారముగ భావించినచో భోజనము జమ, శ్రమ ఖర్చు, కొవ్వు నిలువ. జమ హెచ్చి ఖర్చు తగ్గినపుడు నిలువ పెరుగును. నిలువ ఉండుట దోషము కాదు. కరవునందును, జ్వరమునందును, గర్భిణీ బాలింత దశలయందును దేహమును కాపాడునది అదియే. మితి మీరినపుడు మాత్రము అది మధుమేహమునకును, రక్తపుపోటునకును, గుండెజబ్బునకును దారితీయును. చరకుడు అతిస్థూలునిని నిందితుల పట్టికలో చేర్చినది దేహపు అందమును బట్టి గాదు, ఆరోగ్యమును బట్టియే.

ఈ లెక్కలో అంకెలు తెలియనిచో మోసపోవుట సులభము. ఒక కిలో శరీరపు కొవ్వులో ఇంచుమించు 7,700 కేలరీల శక్తి దాగియుండును. 60 కిలోల బరువుగల మనిషి ఒక గంట చురుకుగ నడచినచో వ్యయమగునది సుమారు 250 కేలరీలు. అనగా ఆహారమున మార్పు లేనిచో ఒక కిలో కొవ్వు ఖర్చగుటకు ముప్పది గంటలకు పైబడిన నడక కావలెను. పలాస జీడిపప్పు నూరు గ్రాములలో 550కి మించిన కేలరీలు గలవు. కబుర్లు చెప్పుకొనుచు అందులో సగము తినినచో గంట నడకవలన కలిగిన ఖర్చు అప్పుడే జమ పడిపోవును. వారము దినములలో ఐదు కిలోలు తగ్గింతుమని చెప్పు ప్రకటనలను ఈ లెక్కతో సరిచూచినచో వాని నిజస్వరూపము బయటపడును. ఆ తగ్గిన బరువులో హెచ్చుపాలు నీరే యుండును. నీరు త్రాగినంతనే అది తిరిగి వచ్చును.

ఉద్దానపు జీవనమునందు ఈ జమాఖర్చు ఒక తరములోనే తారుమారైనది. ఏతమునకు బదులు విద్యుత్తు మోటారు వచ్చినది. రోకటిపోటునకు బదులు బియ్యపు మర వచ్చినది. కావడి పోయి కుళాయి వచ్చినది. తోటకు నడచిపోవు కాళ్ళు మోటారు సైకిలు ఎక్కినవి. ఈ సౌకర్యములను తప్పు పట్టవలసిన పని లేదు. అవి అనేకుల నడుములను, ముఖ్యముగ స్త్రీల నడుములను, విరుగకుండ కాపాడినవి. ఐనను ఖర్చు తగ్గినంతగా కంచములోని అన్నము తగ్గలేదు. పైగా టీ దుకాణములలోని చక్కెరయు, నూనెలో వేచిన చిరుతిండ్లును క్రొత్తగా జమలోనికి చేరినవి.

బక్కగా కనబడువానికి కొవ్వు లేదనుకొనుటయు పొరపాటు. 2004లో ‘లాన్సెట్’ వైద్యపత్రికయందు పూనా నగర వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞికును, లండను వైద్యుడు జాన్ యుడ్కినును తమ ఛాయాచిత్రమును ప్రకటించిరి. ఎత్తునుబట్టి బరువును లెక్కించు సూచిక ఇరువురికిని ఒక్కటే, 22.3. ఐనను యుడ్కిను దేహమున కొవ్వు నూటికి 9.1 వంతులు, యాజ్ఞికు దేహమున 21.2 వంతులు. ఒకే బరువున భారతీయుని దేహమందు కొవ్వు ఎక్కువగాను, కండ తక్కువగాను ఉండునని దాని సారాంశము. అందుచేతనే భారతీయులకు ఆ సూచిక 23 దాటినప్పుడే హెచ్చరికగా గ్రహింపవలెనని వైద్యులు చెప్పుచున్నారు. ఇంటివద్ద చూచుకొనుటకు తూనికయంత్రము కంటె కొలతపట్టీ మేలు. అడుగు ప్రక్కటెముకకును, తుంటి ఎముక పై అంచునకును నడుమ, ఊపిరి సాధారణముగ విడిచి కొలువవలెను. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో కడుపులోని కొవ్వు మితి మీరినదని గ్రహింపవలెను.

విరామ వ్యాయామమునకు శాస్త్రీయ పద్ధతి కల్పించినవారిలో జర్మనీ దేశస్థులు ముఖ్యులు. 1930వ దశకమున వోల్డెమార్ గెర్ష్లర్ అను శిక్షకుడు హెర్బర్ట్ రైండెల్ అను వైద్యునితో కూడి, పరుగుచే నాడి నిమిషమునకు 180 వరకు ఎక్కునట్లును, విరామమున 120 వరకు దిగునట్లును అభ్యాసమును రూపొందించెను. నాడి దిగినగాని మరల పరుగెత్తరాదు. అతని శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాను నగరమున 800 మీటర్లను 1 నిమిషము 46.6 సెకండ్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. చెకోస్లోవేకియా దేశీయుడు ఎమిల్ జాటోపెక్ 400 మీటర్ల పరుగును నడుమ నడుమ నెమ్మదించుచు అనేక పర్యాయములు అభ్యసించి, 1952లో హెల్సింకి ఒలింపిక్సునందు 5,000 మీటర్లు, 10,000 మీటర్లు, మారథాను ఈ మూడింటను స్వర్ణపతకములు గెలిచెను.

నేడు ‘నాలుగు నిమిషములలో కొవ్వు మాయము’ అను ప్రచారమునకు మూలముగ చూపబడునది జపాను శాస్త్రజ్ఞుడు ఇజుమి తబాతా 1996లో ప్రకటించిన ప్రయోగము. యువకులు స్థిరముగ నిలిపిన సైకిలుపై 20 సెకండ్లు తమ శక్తికి మించినంతగ త్రొక్కి, 10 సెకండ్లు ఆగి, ఇట్లు ఏడెనిమిది పర్యాయములు చేసిరి. వారమునకు ఐదు దినముల చొప్పున ఆరు వారములు సాగిన ఈ యభ్యాసముచే ప్రాణవాయువును వినియోగించుకొను శక్తియు, ఊపిరి చాలని స్థితిలో శ్రమించు శక్తియు రెండును పెరిగినవి. ఇది గొప్ప ఫలమే. అయితే ఆ ప్రయోగమున కొవ్వును కొలువనే లేదు. అందు పాల్గొన్నవారు అప్పటికే ఆటపాటలయందు ఆరితేరిన యువకులు. వారి కొలతను తెచ్చి నలుబదియైదేండ్ల దుకాణదారునకు తొడుగుట న్యాయము కాదు.

కొవ్వును కొలిచిన ప్రయోగములు వేరుగ కలవు. కెనడా దేశమున లవాల్ విశ్వవిద్యాలయపు ఆంజెలో ట్రెంబ్లే 1994లో ఒక పరిశీలనమును ప్రకటించెను. ఒక జట్టు 20 వారములు ఏకధాటిగ సాగు వ్యాయామము చేసెను. మరియొక జట్టు 15 వారములు విరామ వ్యాయామము చేసెను. రెండవ జట్టు ఖర్చు చేసిన శక్తి మొదటి జట్టు దానిలో సగమునకు లోబడినను, చర్మము క్రింది కొవ్వు మడతలు వారికే హెచ్చుగ తగ్గెను. ఆ జట్లు చిన్నవి. 2017లో ఆస్ట్రేలియా పరిశోధకులు పదమూడు ప్రయోగములను ఒక్కచోట చేర్చి లెక్క కట్టగా, కొవ్వు తగ్గుదలయందును నడుము కొలతయందును రెండు పద్ధతుల ఫలము ఇంచుమించు సమానమని తేలినది. విరామ వ్యాయామమునకు పట్టిన కాలము మాత్రము నూటికి సుమారు నలుబది వంతులు తక్కువ. కెనడా దేశమునందే మార్టిన్ గిబాలా బృందము 2016లో ప్రకటించిన ప్రయోగమున, 20 సెకండ్ల తీవ్రశ్రమను మూడు మారులు ఇమిడ్చిన పది నిమిషముల అభ్యాసము, పండ్రెండు వారములు సాగించగా, 45 నిమిషముల సాధారణ శ్రమతో సమానముగ ఊపిరిబలమును పెంచెను.

కావున సత్యమిది. విరామ వ్యాయామము కొవ్వును తగ్గించును, కాని మంత్రము వేసినట్లు కాదు. ఏకధాటి నడకకు అది శత్రువు కాదు, సోదరుడు. కాలము చాలనివానికి కాలము మిగుల్చును. గుండెకును ఊపిరితిత్తులకును బలము చేకూర్చును. కండలు రక్తములోని చక్కెరను చక్కగ గ్రహించునట్లు చేయును. వ్యాయామము ముగిసిన పిదపకూడ గంటల తరబడి కొవ్వు మండుచుండునని చెప్పు మాటలో కొంత నిజమున్నను, ఆ ఖర్చు స్వల్పము. అన్నిటికంటె ముఖ్యముగ, పొట్టను మెలిత్రిప్పినంత మాత్రమున పొట్టయందలి కొవ్వే కరగదు. ఏ అవయవమునుండి కొవ్వు ముందు పోవలెనో నిర్ణయించు అధికారము మనిషికి లేదు. భోజనమునందలి జమను తగ్గింపని వ్యాయామము, గండి పూడ్చక నీరు తోడుట వంటిది. రాత్రి అన్నములో ఒక పిడికెడు తగ్గించి, పప్పును ఆకుకూరను పెంచి, టీలో చక్కెర మానుట వ్యాయామములో సగము పనిని తానే చేయును.

ఆచరణ విషయమున మొదట నడివయస్సువారికి తగిన పద్ధతిని చెప్పవలెను. జపాను దేశమున షిన్షూ విశ్వవిద్యాలయపు హిరోషి నోసే బృందము 2007లో ప్రకటించిన పద్ధతి పరుగు అక్కరలేనిది. మూడు నిమిషములు వేగముగ నడువవలెను. మూడు నిమిషములు నెమ్మదిగ నడువవలెను. ఇట్లు ఐదు ఆవృత్తులు, మొత్తము అరగంట. వారమునకు నాలుగు దినములకు తగ్గకుండ ఐదు నెలలు ఆచరించిన వృద్ధులకు తొడల బలము పెరిగెను, ఊపిరిబలము పెరిగెను, రక్తపుపోటు తగ్గెను. వారి సగటు వయస్సు అరువది దాటినది. ఇది చీర కట్టుకొన్న స్త్రీయు, పంచె కట్టిన వృద్ధుడును తమ వీధిలో ఆచరింపదగిన పద్ధతి. గడియారము లేనివారు విద్యుత్ స్తంభములను లెక్కించి, పది స్తంభములు వేగముగను, పది స్తంభములు నెమ్మదిగను నడువవచ్చును.

వేగమనగా నెంత? దానికి యంత్రము అక్కరలేదు. నెమ్మదిగ నడచునపుడు ప్రక్కవారితో నిండు వాక్యములు మాటలాడగలిగి యుండవలెను. వేగపు ఆవృత్తియందు మూడు నాలుగు మాటలకు మించి నోట రాకుండవలెను. అసలు మాటయే రానిచో వేగము మించినదని అర్థము. ఎదలో నొప్పిగాని, బిగువుగాని, కన్నులు చీకట్లు క్రమ్ముటగాని కలిగినచో తత్క్షణము ఆపి వైద్యుని చూడవలెను.

ఆరోగ్యవంతులైన యువకులు రెండు మూడు వారములు ఇట్టి నడకచే దేహమును సిద్ధపరచుకొని పిమ్మట పరుగునకు దిగవచ్చును. పది నిమిషములు మెల్లగ నడచి, కీళ్ళు సడలించి, 200 మీటర్లు వేగముగ పరుగెత్తి, 200 మీటర్లు నడువవలెను. మొదటివారము నాలుగు ఆవృత్తులు చాలును. వారమునకు ఒక్కొక్క ఆవృత్తి చొప్పున ఎనిమిది వరకు పెంచవచ్చును. దినము విడిచి దినము, వారమునకు మూడు దినములు మాత్రమే. సైన్య నియామకమునందు 1,600 మీటర్లను 5 నిమిషముల 30 సెకండ్లలో ముగించువారు మొదటి శ్రేణియందు నిలుతురు. లెక్కింపగా ప్రతి 400 మీటర్లకు 82 సెకండ్లన్నర వచ్చును. ఆ దూరమును ఆ వేగమున ఒక్కమారు పరుగెత్తి, విశ్రమించి, మరల పరుగెత్తుట నేర్చినవానికి పూర్తి దూరము క్రమముగ సాధ్యమగును. ఇది వేసవి సెలవులలోని పదునైదు దినముల పని కాదు, నెలల పని. పరుగునకు పాఠశాల మైదానమో, తోటల నడిమి మెత్తని బాటయో, సముద్రపు ఒడ్డున తడి యిసుకయో మంచిది. 16వ సంఖ్య జాతీయ రహదారిపై చీకటిలో పరుగెత్తుట ప్రాణాపాయము.

ఇండ్లయందు పనికి కట్టుబడిన స్త్రీలకు బస్కీలు, మేడమెట్లు ఎక్కుట, గోడ కానుకొని చేయు దండీలు చాలును. అరనిమిషము చేసి ఒక నిమిషము ఆగవలెను. బలము పురుషుని సొత్తు కాదని ఈ జిల్లాయే నిరూపించినది. ఆమదాలవలస సమీపమున ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సునందు మొత్తము 240 కిలోల బరువెత్తి కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము సాధించిన తొలి భారతీయ వనిత ఆమెయే. బరువెత్తుట క్షణముల పని. ఆ క్షణములకు నడుమ విశ్రాంతియు, ఆ క్షణములకు వెనుక సంవత్సరముల సాధనయు కలవు. వీరఘట్టమున జన్మించి 1942లో దివంగతుడైన కోడి రామమూర్తినాయుడు సర్కసునందు లోకమును ఆశ్చర్యపరచుటకు పూర్వము విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగ పనిచేసినవాడు. బలమును ప్రదర్శించినవారిని జనులు తలచుకొందురు. వారు దానిని ఎంత నిదానముగ కూడబెట్టిరో తలచువారు అరుదు.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన విషయము. పైన చెప్పిన ప్రయోగములు కెనడా, జపాను వంటి పరదేశములయందు జరిగినవి. వానిని ఉద్దానమునకు యథాతథముగ తెచ్చుట తగదు. ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ఈ యేడు మండలములయందు కిడ్నీ వ్యాధి పెద్దవారిలో నూటికి పదిమందిని మించి పీడించుచున్నది. మధుమేహము గాని, రక్తపుపోటు గాని లేనివారికిని ఇది వచ్చుచున్నది. దేశదేశముల శాస్త్రజ్ఞులు పరిశోధించినను దీని మూలకారణము ఇదమిత్థమని తేలలేదు. ఈ వ్యాధి దొంగవలె వచ్చును. మూత్రపిండముల శక్తి సగమునకు పైగా క్షీణించువరకు నొప్పి యుండదు, వాపు యుండదు. తాను సంపూర్ణ ఆరోగ్యవంతుడనని తలచుచున్నవాని రక్తమున క్రియాటినిను అప్పటికే పెరిగియుండవచ్చును. అట్టివాడు ఎండలో, దాహముతో, అలవాటు లేని తీవ్రశ్రమకు పూనుకొన్నచో, మిగిలిన బలమునకును ముప్పు వాటిల్లును.

కావున ఉద్దానమున విరామ వ్యాయామపు మొదటి ఆవృత్తి పరీక్షయే కావలెను. రక్తములో క్రియాటినిను, మూత్రములో ఆల్బుమిను, రక్తపుపోటు, రక్తములో చక్కెర ఈ నాలుగింటిని చూపించుకొనవలెను. పరీక్షకు ముందు రెండు దినములు తీవ్రవ్యాయామము మానవలెను. ఏలయన కఠినశ్రమ పిదప ఆరోగ్యవంతునకును ఈ అంకెలు తాత్కాలికముగ పెరుగవచ్చును. 2023 డిసెంబరు 14న పలాసయందు 200 పడకల ఆసుపత్రియు, కిడ్నీ పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడినవి. అంకెలలో తేడా కనబడినవారు వైద్యుని చూచుటకు జంకరాదు. వ్యాధి యున్నదని తెలియుటచే వ్యాయామము నిషిద్ధము కాదు. అట్టివారికి వైద్యుని సలహాపై సాధారణ నడక మేలే చేయును. తీవ్రమైన పరుగు మాత్రము వారు తమంత తాము చేపట్టరాదు.

రెండవ జాగ్రత్త మందులను గూర్చినది. క్రొత్తగ వ్యాయామము చేసినవానికి కండలు నొచ్చుట సహజము. రెండు మూడు దినములలో అదియే తగ్గును. ఆ నొప్పికి తాళలేక మందుల దుకాణమునుండి డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ వంటి మాత్రలు కొని మ్రింగి, మరునాడు మరల పరుగెత్తుట మూత్రపిండములకు గొడ్డలిపెట్టు. ఒంటిలో నీరు తగ్గిన వేళ మూత్రపిండములకు పోవు రక్తమును ఆ మాత్రలు ఇంకను తగ్గించును. కొవ్వు కరగించునని అమ్ము పొడులును, వ్యాయామశాలలలో ఇచ్చు పేరు తెలియని సూదిమందులును అట్లే వర్జనీయములు. అందేమున్నదో అమ్మువానికే తెలియదు.

మూడవది నీరు. సూర్యోదయమునకు పూర్వమో, సాయంకాలము చల్లబడిన పిదపనో వ్యాయామము చేయవలెను. సముద్రతీరపు ఉక్కలో చెమట ఆరదు, దేహము చల్లబడదు. వ్యాయామమునకు ముందును, నడుమను, పిదపను శుభ్రమైన నీరు దాహమునకు తగినంత త్రాగవలెను. బరువు త్వరగ తగ్గవలెనని నీరు మానుటయు, ఒంటికి ప్లాస్టిక్ సంచి చుట్టుకొని చెమట పట్టించుటయు అపాయకరములు. కొబ్బరినీరు ఆరోగ్యవంతునకు అమృతమే. అయితే అందు పొటాషియము అధికము. మూత్రపిండములు బలహీనపడినవారికి అది రక్తమున పేరుకొని గుండె లయను తప్పించగలదు. తోటనిండ కొబ్బరిబోండములున్న సీమలో ఈ మాట చెప్పుట కష్టమైనను చెప్పక తప్పదు.

నాలుగవది ఒక గుర్తు. అలవాటు లేని కఠినశ్రమ పిదప కండలు విపరీతముగ వాచి, మూత్రము చిక్కని టీ కషాయపు రంగున వచ్చినచో, కండల నారలు చిట్లి వాని లోపలి పదార్థము రక్తమున కలసి మూత్రపిండములకు అడ్డుపడుచున్నదని తలంపవలెను. మరునాటివరకు వేచియుండక ఆసుపత్రికి పోవలెను. ఒక్క దినమున వందల కొలది బస్కీలు తీయుమని నవసిక్షితులను పందెమునకు దింపువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

వాగ్భటుడు వ్యాయామమువలన మేదస్సు క్షీణించునని చెప్పుచునే, మనుష్యుడు తన బలములో సగమువరకే వినియోగింపవలెనని నియమము పెట్టెను. గ్రీష్మమున ఇంకను తగ్గింపవలెనని అతని మతము. ఊపిరి నోటివరకు వచ్చుట ఆ సగము బలమునకు గుర్తని సుశ్రుతుని గ్రంథము తెలుపుచున్నది. తీవ్రమైన విరామ వ్యాయామమునకు ఇది విరుద్ధముగ తోచవచ్చును. విచారించినచో విరోధము లేదు. ఒక్కొక్క ఆవృత్తియందు శ్రమ తీవ్రమైనను, ఆ దినపు బలమంతయు వ్యయము కారాదు. కడపటి పరుగు ముగిసిన పిదప ఇంకను రెండు పరుగులకు ఓపిక మిగిలియుండవలెను. ఆ మిగులే రేపటి పెట్టుబడి. పాతిక దినములు పాటించి మానివేసిన కఠోర నియమముకంటె, పాతికేండ్లు సాగిన అరగంట నడక గొప్పది.

ఈ గ్రంథాలయము పాతికేండ్లుగ పుస్తకములను అరువిచ్చుచున్నది. ఈ రజతోత్సవ సందర్భమున దీనికి మరియొక చిన్న బాధ్యతను అప్పగింపవచ్చును. పఠన మందిరపు గోడకు ఒక కొలతపట్టీని తగిలించి, ప్రక్కన ఒక నోటుపుస్తకము నుంచవలెను. కోరిన చందాదారు తన నడుము కొలతను, కడపటి క్రియాటినిను పరీక్ష జరిపించిన తేదీని నెలకొకమారు అందు వ్రాసికొనవచ్చును. పేరు అక్కరలేదు, చందా సంఖ్య చాలును. పరీక్ష తేదీ గడియలో ఏమియు వ్రాయని సంఖ్యలు ఎన్ని యున్నవో నెల చివర లెక్కించి, అట్టివారందరును ఒకే దినమున కలసి ఆసుపత్రికి పోవునట్లు గ్రంథాలయ సంఘము ఏర్పాటు చేయవలెను. ఆ గడులన్నియు నిండిన పిదప, తెల్లవారుజామున పరుగెత్తు యువకులును, నడచు పెద్దలును నిశ్చింతగ తమ తమ బాటను పట్టవచ్చును.

స్వస్తి.